న్యూజీలాండ్‌లో ఒక్క ద్వీపమే చూడగలిగితే: ఉత్తరమా, దక్షిణమా?

న్యూజీలాండ్ వెళ్దామనుకునే వాళ్లు మొదట అడిగేది ఖర్చెంత అవుతుందని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ ద్వీపానికి వెళ్లాలన్నది. ఆ దేశంలో ప్రధానంగా రెండు పెద్ద ద్వీపాలున్నాయి. ఆక్లాండ్, రొటొరువా, వెల్లింగ్టన్ ఉత్తర ద్వీపంలో ఉంటే, క్రైస్ట్‌చర్చ్, క్వీన్స్‌టౌన్, మిల్ఫర్డ్ సౌండ్ అనే సముద్రపు పాయ దక్షిణ ద్వీపంలో ఉన్నాయి. మధ్యలో కుక్ జలసంధి. వెల్లింగ్టన్ నుంచి అవతలి ఒడ్డున ఉన్న పిక్టన్‌కి ఫెర్రీలో మూడున్నర గంటలు పడుతుంది.

చాలా ప్యాకేజీలు ఎనిమిది తొమ్మిది రోజుల్లో రెండూ చూపిస్తామంటాయి. అలాంటి ప్యాకేజీ నేనైతే ఎవరికీ సలహా ఇవ్వను. ఇక్కడి నుంచి వెళ్లడానికి, రావడానికి పట్టే సమయం తీసేసి, అక్కడ నేల మీద పన్నెండు రోజుల కంటే తక్కువ ఉంటే ఒక్క ద్వీపమే పెట్టుకోండి. రెండు వారాలు దాటితేనే రెండో దాని గురించి ఆలోచించండి. అంత దూరం వెళ్లి రోజూ పొద్దున్నే సూట్‌కేసులు సర్దుకోవడం, సాయంత్రం కొత్త హోటల్లో దిగడం చేస్తూ ఉంటే ఏ ఊరూ మనసులో నిలవదు.

ముందు క్యాలెండర్ చూడండి

ఏ ద్వీపమన్నది సగానికి సగం మీరు ఏ నెలలో వెళ్తున్నారన్న దాన్నిబట్టే తేలిపోతుంది. అక్కడి రుతువులు మనకు తలకిందులు. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి వాళ్లకు వేసవి. జూన్, జూలై, ఆగస్టు చలికాలం. తెలుగు రాష్ట్రాల్లో బడి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఉంటాయి. అంటే అక్కడ ఆకురాలు కాలం ముగిసి చలి మొదలయ్యే సమయం.

ఈ సెలవుల్లో కూడా మొదటి రెండు వారాలకూ చివరి రెండు వారాలకూ చాలా తేడా ఉంది. ఏప్రిల్ ఆఖర్లో క్వీన్స్‌టౌన్ పక్కనున్న యారోటౌన్‌లో చెట్లన్నీ పసుపు, నారింజ రంగులకు తిరిగి ఉంటాయి. వనాకా చెరువు ఒడ్డునా అంతే. పగటి చలి ఒక స్వెట్టర్‌తో ఆగుతుంది. పిల్లల పరీక్షలు అవ్వగానే బయల్దేరగలిగితే దక్షిణం ఎంచుకోవడానికి సందేహించక్కర్లేదు.

మే నెలాఖరుకి పరిస్థితి మారిపోతుంది. ఆకులు రాలిపోయి ఉంటాయి. స్కీయింగ్ కొండలు తెరవడానికి జూన్ మధ్య దాకా ఆగాలి. సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. మిల్ఫర్డ్ రోడ్డు మీద మంచు పడితే టైర్లకు గొలుసులు వేసుకోమంటారు, కొండల మీంచి మంచు జారిపడే ప్రమాదం ఉన్న రోజున రోడ్డే మూసేస్తారు. అదే వారంలో రొటొరువాలో చలిగాలికి వేడినీటి బుగ్గల ఆవిరి ఇంకా దట్టంగా లేస్తుంటుంది. మెరిసే పురుగులుండే వైటోమో గుహలకు బయట వాతావరణంతో పనే లేదు. కాబట్టి మే రెండో సగంలోనో, జూన్ మొదట్లోనో మాత్రమే వీలైతే ఉత్తరం వెళ్లండి. చలికాలపు దక్షిణాన్ని మంచు ఆటల కోసం వెళ్లే వాళ్లకు వదిలేయొచ్చు.

దసరా సెలవుల్లో అక్కడ వసంతం. కొండల మీద ఇంకా మంచు ఉంటుంది, కింద పచ్చికలో గొర్రెపిల్లలు తిరుగుతుంటాయి, వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. సంక్రాంతికి వెళ్తే పగళ్లు చాలా పొడవు, దక్షిణంలో రాత్రి తొమ్మిది దాటాక కూడా వెలుతురు ఉంటుంది. కానీ క్రిస్మస్ నుంచి జనవరి చివరిదాకా వాళ్లకూ సెలవులే, మౌంట్ కుక్ లాంటి చోట గదులు నెలల ముందే అయిపోతాయి. బడికెళ్లే పిల్లలు లేనివాళ్లకు రెండు మంచి సమయాలున్నాయి. ఒకటి నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ మొదటి వారం దాకా, టెకాపో చెరువు గట్ల మీద ఊదా, గులాబీ రంగు లూపిన్ పూలు విరగబూసే రోజులు. రెండోది ఫిబ్రవరి. ఎండ, నిలకడైన వాతావరణం, తగ్గిన రద్దీ మూడూ కలిసొస్తాయి. దక్షిణానికి నేను ఎవరికైనా చెప్పే నెల ఫిబ్రవరే.

దక్షిణ ద్వీపం: కొండలు, చెరువులు, పొడవైన రోడ్లు

క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, కారు తీసుకుని టెకాపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, టె ఆనవ్ మీదుగా మిల్ఫర్డ్ సౌండ్ దాకా వెళ్లడం ఇక్కడి ప్రధాన దారి. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపోకి 225 కిలోమీటర్లు, మూడు గంటలు. చెరువు నీళ్లు పాలు కలిపినట్టు లేతనీలం రంగులో ఉంటాయి. హిమానీనదాలు రాళ్లను అరగదీయగా వచ్చిన సన్నని పొడి నీళ్లలో తేలుతూ ఉండటమే దానికి కారణం. ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి ఉంది. పగలు అక్కడ ఫొటోల కోసం తోపులాట ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి. అసలు టెకాపోలో రాత్రి ఉండాలి. ఈ ప్రాంతాన్ని 2012లో అంతర్జాతీయ చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. వీధిదీపాల వెలుగు పైకి పోకుండా కట్టడి చేస్తారు. వెన్నెల లేని రాత్రి చూసుకుని వెళ్తే పాలపుంత కళ్లకు సూటిగా కనిపిస్తుంది. మనకు ఇక్కడ దాదాపు కనిపించని మాగెల్లాన్ మేఘాలు, అంటే పాలపుంత పక్కనున్న రెండు చిన్న నక్షత్ర వీధులు, కూడా కనిపిస్తాయి. టికెట్ల మీద పెట్టే డబ్బు కంటే ప్రయాణం తేదీల మీద పెట్టే శ్రద్ధ ఇక్కడ ఎక్కువ ఫలితమిస్తుంది. అమావాస్యకు అటూ ఇటూ వచ్చేలా పెట్టుకోండి.

అక్కడి నుంచి గంటుంపావు దూరంలో మౌంట్ కుక్ గ్రామం. అక్కడి మూలవాసులైన మావోరీలు అఒరాకి అని పిలిచే ఈ శిఖరం 3,724 మీటర్లు, దేశంలో అన్నిటికంటే ఎత్తైనది. ఎవరెస్టు ఎక్కక ముందు ఎడ్మండ్ హిల్లరీ సాధన చేసింది ఈ కొండల్లోనే. ఇక్కడే ఒక ఎంపిక చేసుకోవాలి. హిమానీనదం చూడటానికి పడమటి తీరంలోని ఫ్రాంజ్ జోసెఫ్‌కో ఫాక్స్‌కో వెళ్లాలా, మౌంట్ కుక్ దగ్గరే సరిపెట్టుకోవాలా? ఫ్రాంజ్ జోసెఫ్, ఫాక్స్ చాలా వెనక్కి కరిగిపోయాయి. ఒకప్పుడు గైడ్ వెంట నడుచుకుంటూ మంచు మీదికి ఎక్కేవాళ్లు. ఇప్పుడు హెలికాప్టర్‌లో దిగితే తప్ప మంచు తాకలేం. మబ్బు పట్టిందంటే హెలికాప్టర్ ఎగరదు, పడమటి తీరంలో మబ్బు పట్టని రోజులు తక్కువ. క్వీన్స్‌టౌన్ నుంచి అక్కడికి అయిదు గంటల దాకా డ్రైవింగ్. హెలికాప్టర్‌కి డబ్బూ, వాతావరణం కుదరకపోతే ఆగడానికి ఒక రోజూ ఉంటేనే అటు వెళ్లండి.

లేకపోతే మౌంట్ కుక్ దగ్గర హుకర్ వ్యాలీ దారిలో నడవండి. రానూపోనూ 10 కిలోమీటర్లు, పెద్దగా ఎత్తులు లేవు, వేలాడే వంతెనల మీదుగా మంచుగడ్డలు తేలే చెరువు దాకా తీసుకెళ్తుంది, టికెట్ లేదు. వంతెన పనుల వల్ల కొంతకాలం సగం దాకానే తెరిచి ఉంచారు కాబట్టి బయల్దేరే ముందు అక్కడి పరిరక్షణ శాఖ వెబ్‌సైట్ చూసుకోండి. పెద్దవాళ్లు అంత నడవలేకపోతే టాస్మన్ హిమానీనదం వ్యూపాయింట్‌కి మెట్లెక్కి పావుగంట ఇరవై నిమిషాల్లో చేరొచ్చు.

మిల్ఫర్డా, డౌట్‌ఫుల్లా

దక్షిణానికి వెళ్లిన వాళ్లు ఎక్కువ తర్జనభర్జన పడేది దీని దగ్గరే. మిల్ఫర్డ్ సౌండ్, డౌట్‌ఫుల్ సౌండ్ రెండూ ఫియోర్డులే. అంటే హిమానీనదం కొండలను కోసుకుంటూ పోయిన లోయలోకి సముద్రం వచ్చి చేరిన చోట్లు.

మిల్ఫర్డ్ గొప్పతనం అంతా ఒకేసారి కళ్లముందుకు రావడంలో ఉంది. నీళ్లలోంచి నిటారుగా 1,692 మీటర్లు లేచిన మైటర్ శిఖరం, 150 మీటర్ల పైనుంచి దూకే జలపాతాలు, బండల మీద పడుకున్న సీల్స్, ఇవన్నీ రెండు గంటల పడవ ప్రయాణంలో చూడొచ్చు. వాన పడుతోందని ఎవరూ దిగులు పడొద్దు. ఏడాదికి 6,000 మిల్లీమీటర్ల పైన కురిసే చోటు అది. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేది 800 అటూ ఇటూ. వాన పడ్డ రోజు రాతిగోడల మీద అప్పటికప్పుడు వందల జలపాతాలు పుడతాయి, ఎండ రోజున అవి కనిపించవు.

అక్కడికి వెళ్లే దారి కూడా పడవ ప్రయాణమంత గొప్పది. టె ఆనవ్ నుంచి 119 కిలోమీటర్లు. అద్దంలా కొండలను చూపించే మిర్రర్ చెరువులు, కొండను తొలిచి 1954లో తెరిచిన హోమర్ సొరంగం, సొరంగం బయట కార్ల రబ్బర్లు పీకే కియా చిలుకలు ఈ దారిలోనే ఉన్నాయి. అందుకే క్వీన్స్‌టౌన్ నుంచి ఒక్క రోజులో వెళ్లిరావడం నాకు నచ్చదు. బస్సులో పన్నెండు గంటలు దాటుతుంది, ఆగాలనిపించిన చోట ఆగలేం. టె ఆనవ్‌లో రెండు రాత్రులు ఉండి, తెల్లవారే బయల్దేరి, టూరు బస్సులు రాకముందు పడవెక్కండి. పెట్రోల్ టె ఆనవ్‌లోనే నింపుకోండి. దారిలో ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

డౌట్‌ఫుల్ సౌండ్ మిల్ఫర్డ్ కంటే దాదాపు మూడు రెట్లు పొడవు. చేరడానికి రోడ్డు లేదు. మానాపౌరి చెరువును పడవలో దాటి, విల్మట్ కనుమ మీదుగా బస్సెక్కి, అవతల మళ్లీ పడవెక్కాలి. రోజంతా పడుతుంది, టికెట్ ధర మిల్ఫర్డ్ కంటే బాగా ఎక్కువ. కొండలు మిల్ఫర్డ్ అంత నిటారుగా మీద పడేలా ఉండవు. కానీ జనం చాలా తక్కువ, డాల్ఫిన్లు కనిపించే అవకాశం బాగానే ఉంటుంది. సొంతంగా డ్రైవ్ చేయడం ఇష్టం లేనివాళ్లకు, రద్దీ అంటే చిరాకు పడేవాళ్లకు, మిల్ఫర్డ్ ఒకసారి చూసేసిన వాళ్లకు ఇది సరైనది. మొదటిసారి వెళ్లేవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు మిల్ఫర్డ్‌కే వెళ్లండి. రెండు చోట్లా శాండ్‌ఫ్లైస్ అనే చిన్న ఈగలు కుడతాయి, దద్దుర్లు రోజుల తరబడి దురద పెడతాయి. అవి కుట్టకుండా పూసుకునే మందు అక్కడి దుకాణాల్లోనే కొనుక్కోండి.

క్వీన్స్‌టౌన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వ్యాపారంగా బంజీ జంప్ 1988లో మొదలైన కవారౌ వంతెన ఇక్కడే, 43 మీటర్ల ఎత్తు. దూకని వాళ్లు పక్కన నిలబడి ఉచితంగా చూడొచ్చు. పెద్దవాళ్లకు 1912 నాటి బొగ్గు ఆవిరి నౌక ఎర్న్‌స్లా బాగుంటుంది.

ఉత్తర ద్వీపం: నిప్పు, నీళ్లు, మావోరి జీవితం

దక్షిణంలో ప్రకృతి ఎక్కువ, మనుషులు తక్కువ. ఉత్తరంలో ఆ నేల మీద మనుషులు ఎలా బతికారో కూడా తెలుస్తుంది. మావోరి జనాభాలో అత్యధికులు ఉన్నది ఈ ద్వీపంలోనే. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాణి ప్రతినిధులకూ మావోరి నాయకులకూ మధ్య ఒప్పందం మొదట కుదిరిన వైటంగి, ఆక్లాండ్‌కి ఉత్తరాన మూడు గంటల పైన దూరంలో ఉంది. ఆ ఒప్పందం ఇంగ్లీషు ప్రతికీ మావోరి ప్రతికీ ఉన్న తేడాల మీద ఇప్పటికీ ఆ దేశంలో వాదనలు నడుస్తున్నాయి. చరిత్ర మీద ఆసక్తి ఉంటే ఒక రోజు కేటాయించండి, లేకపోతే రొటొరువా వైపు తిరగండి.

రొటొరువాలో దిగగానే గంధకం వాసన ముక్కుకు తగులుతుంది. మొదటి గంట ఇబ్బంది, తర్వాత అలవాటైపోతుంది. ఇక్కడ వేడినీటి పార్కులు చాలా ఉన్నాయి, ఒక్కోదానికీ టికెట్ ఖరీదే. అన్నీ చూడక్కర్లేదు. రంగుల కోసమైతే ఊరికి 27 కిలోమీటర్ల దూరంలోని వై-ఓ-టాపు. నారింజ అంచుల షాంపేన్ పూల్ అక్కడిదే. అక్కడ రోజూ పదింబావుకి లేడీ నాక్స్ అనే గీజర్‌లో (నేలలోంచి వేడినీళ్లను ఎగజిమ్మే బుగ్గలో) సబ్బులాంటి పదార్థం వేసి నీళ్లు చిమ్మిస్తారు. అందుకోసం పొద్దున్నే పరిగెత్తక్కర్లేదని నా అభిప్రాయం. గీజర్ చూడాలనుకుంటే ఊళ్లోనే ఉన్న టె పుయియాకి వెళ్లండి. పొహుటు గీజర్ తనంతట తానే రోజుకు చాలాసార్లు 30 మీటర్ల దాకా ఎగుస్తుంది. అదే ఆవరణలో చెక్కపని, నేతపని నేర్పే మావోరి బడులున్నాయి. ఒక్క పార్కుకే డబ్బు పెట్టగలిగితే నేను టె పుయియాకే పెడతాను. అసలు ఖర్చే వద్దనుకుంటే ఊరి మధ్య కుయిరావ్ పార్కులో ఉడికే బురద గుంటలు ఉచితం.

ఈ నేల ఎంత సజీవమైందో వైమంగు లోయలో తెలుస్తుంది. 1886 జూన్ 10న టరవేరా అగ్నిపర్వతం బద్దలైన రాత్రి అప్పటిదాకా ప్రపంచమంతా చూడటానికి వచ్చిన గులాబీ, తెలుపు రంగు రాతి మెట్లు కనుమరుగయ్యాయి. వైమంగు లోయలోని వేడినీటి బుగ్గలు ఆ పేలుడు తర్వాతే పుట్టాయి. కిందికి దిగుతూ పోయే నడక, వెనక్కి బస్సులో రావచ్చు కాబట్టి అరవై దాటిన వాళ్లకూ పర్వాలేదు.

నడవగలిగే వాళ్లకు ఉత్తరంలో అన్నిటికంటే గొప్పది టాంగరీరో దాటడం. దాదాపు 20 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు, అగ్నిపర్వతాల మధ్య నుంచి పచ్చల రంగు చెరువుల పక్కగా. ఈ శిఖరాలను కాపాడటానికి మావోరి నాయకుడు టె హెయుహెయు 1887లో వాటిని దేశానికి అప్పగించాడు. న్యూజీలాండ్ మొదటి జాతీయ ఉద్యానవనం అలా ఏర్పడింది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మామూలు నడక అలవాటున్న వాళ్లు వెళ్లొచ్చు. చలికాలంలో గైడ్, మంచు పరికరాలు లేకుండా వద్దు. నడక మొదలైన చోట ముగియదు కాబట్టి షటిల్ బస్సు ముందే బుక్ చేసుకోవాలి. గాలి ఎక్కువగా ఉన్న రోజున షటిల్ వాళ్లే వద్దంటారు, వాళ్ల మాట వినండి.

మటమటా దగ్గరి హాబిటన్, ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ సినిమాల కోసం కట్టిన ఊరు. ఆ సినిమాలు ఇష్టమైతే తప్పక వెళ్లండి, చూడని వాళ్లకు ఆ డబ్బుకు తగినంత ఏమీ ఉండదు. ఆక్లాండ్‌కి తూర్పున ఉన్న కోరమండల్ ద్వీపకల్పంలో హాట్ వాటర్ బీచ్‌లో పిల్లలకు సంబరమే. ఇసుకలో గొయ్యి తవ్వితే వేడి నీళ్లు ఊరుతాయి. అయితే ఆటు వేళకు రెండు గంటలు అటూ ఇటూ మాత్రమే కుదురుతుంది, ఆ రోజు ఆటుపోట్ల సమయం చూసుకుని వెళ్లాలి.

ఒకచోట వదులుకున్నది ఇంకోచోట దొరుకుతుందా

కొన్ని దొరుకుతాయి. వైటోమోలో పడవలో కూర్చుని తలెత్తితే గుహ పైకప్పు నిండా నీలిరంగు చుక్కలు మెరుస్తాయి, అవి ఒక రకం చిన్న ఈగ లార్వాలు. దక్షిణానికే వెళ్తే టె ఆనవ్ చెరువు అవతల ఇవే పురుగుల గుహ ఉంది. చిన్నదే కానీ ఆ ఒక్కదాని కోసం ఉత్తరం వెళ్లక్కర్లేదు. వేడినీటి స్నానాలు దక్షిణంలో హన్మర్ స్ప్రింగ్స్‌లో దొరుకుతాయి, గీజర్లు మాత్రం దొరకవు. ఉత్తరంలో డాల్ఫిన్లు చూడొచ్చు. కానీ ఏడాది పొడవునా స్పెర్మ్ తిమింగలాలు కనిపించాలంటే దక్షిణంలోని కైకోరాకే వెళ్లాలి. అక్కడ తీరానికి దగ్గర్లోనే సముద్రగర్భం వెయ్యి మీటర్ల లోతుకు పడిపోతుంది, ఆహారం కోసం తిమింగలాలు అంత దగ్గరికి వస్తాయి. మిల్ఫర్డ్ లాంటిది, టెకాపో ఆకాశం లాంటిది ఉత్తరంలో లేవు.

అరవై, డెబ్బై ఏళ్ల అమ్మానాన్నలతో వెళ్తున్నారా? ఉత్తరమే సుఖం. ఎక్కువ ఊళ్ల మధ్య రెండు మూడు గంటలకు మించి ప్రయాణం ఉండదు, ఆక్లాండ్‌లో శాండ్రింగం రోడ్డు మీద మన దేశపు భోజనం వరుసగా దొరుకుతుంది, ఆసుపత్రులు దగ్గర. ఆరేడేళ్ల లోపు పిల్లలున్నా ఇదే మాట. కొత్తగా పెళ్లయిన వాళ్లు, స్నేహితుల గుంపు, కారు నడపడం ఇష్టమైన వాళ్లు దక్షిణం వెళ్లండి. పన్నెండు దాటిన పిల్లలతో వెళ్లే కుటుంబాలకు ఏదైనా సరే, అప్పుడు నెలను బట్టి తేల్చుకోండి.

వెళ్లే ముందు

మన దేశం నుంచి న్యూజీలాండ్‌కి ప్రస్తుతం నేరుగా విమానం లేదు. దక్షిణం ఒక్కటే అనుకుంటే ఆక్లాండ్ దాకా పోనక్కర్లేదు, సింగపూర్ నుంచి క్రైస్ట్‌చర్చ్‌కి నేరుగా విమానం ఉంది. ఆస్ట్రేలియా మీదుగా టికెట్ చవగ్గా కనిపిస్తే కొనేముందు అక్కడ మారడానికి ట్రాన్సిట్ వీసా తీసుకోవాలన్న సంగతి గుర్తుంచుకోండి.

డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు, ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్స్ చెల్లుతుంది. ఒకే వాహనం పట్టే వంతెనలు చాలా ఉంటాయి, మీ వైపు బాణం ఎర్రగా చిన్నగా ఉంటే మీరే ఆగాలి. ఏడేళ్ల లోపు పిల్లలకు చైల్డ్ సీట్ చట్టప్రకారం తప్పనిసరి.

ఆవకాయ, పొడులు, స్వీట్లు ఏవి తీసుకెళ్లినా దిగేటప్పుడు నింపే పత్రంలో ఆహారం ఉందని రాయాలి. రాసి చూపిస్తే అధికారి చూసి పంపిస్తారు లేదా తీసేసుకుంటారు, అంతే. రాయకపోతే అక్కడికక్కడే 400 న్యూజీలాండ్ డాలర్ల జరిమానా, మన డబ్బుల్లో దాదాపు 20 వేలు. తేనె అసలే తీసుకెళ్లొద్దు. చిన్న ఊళ్లలో హోటళ్ల వంటగదులు రాత్రి ఎనిమిదింటికే మూసేస్తారు కాబట్టి శాకాహారులు వంట చేసుకునే వీలున్న మోటెల్ గదులు తీసుకోండి. బియ్యం, పెరుగు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా ఉంటాయి.

రెండు వారాల పైన సెలవు దొరికి రెండు ద్వీపాలూ పెట్టుకుంటే ఆక్లాండ్‌లో దిగి, రొటొరువా, దానికి దక్షిణాన ఉన్న టౌపో చూసి, క్రైస్ట్‌చర్చ్‌కి విమానంలో వెళ్లి, క్వీన్స్‌టౌన్ నుంచి తిరిగి రండి. ఫెర్రీ బాగుంటుంది కానీ దానికి ఒక రోజు పోతుంది. మిల్ఫర్డ్‌ని మాత్రం తిరుగు ప్రయాణానికి ముందు రోజున పెట్టకండి. వాతావరణం బాగోక రోడ్డు మూస్తే మర్నాడు వెళ్లేందుకు చేతిలో ఇంకో రోజు ఉండాలి.